ట్యూబు గోడకంటిన మందు

ఆ ల్యాబులో అందరూ ఆయన్ని అద్దం సారు అనేవారు. ఎదురుగా కాదు, వెనక. ఆయన బల్ల అద్దంలా ఉండేది. కోటు మీద మరక ఉండేది కాదు, మొహం మీద నవ్వు ఉండేది కాదు. పొద్దున్నే వచ్చి చేతులు కడుక్కునేవాడు. తర్వాత కుళాయి కడిగేవాడు. కుళాయిని ముట్టుకున్నందుకు మళ్ళీ చేతులు కడుక్కునేవాడు.

ఆయన లెక్కలో మనుషులు రెండు రకాలు. శుభ్రం తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. మొదటి రకంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. రెండో రకానికి పెద్ద తలకాయ ఆయన బావ, అంటే సొంత చెల్లెలి మొగుడు. అదే ల్యాబులో కిటికీ పక్క బల్ల అతనిది. చొక్కాకి ఒక గుండీ ఎప్పుడూ ఉండదు. కోటు జేబులో బిస్కెట్లు, ఆ బిస్కెట్ల పొడి బల్ల మీద, ఆ పొడి మీద చీమలు. చీమల్ని తోలే ఓపిక కూడా లేక వాటి పక్కనే పని చేసుకునేవాడు. అద్దం సారు దృష్టిలో బావ మనిషి కాదు, మరక. ఎంత తుడిచినా పోదు. చెల్లెలు ఏరికోరి అంటించుకుంది.

ల్యాబు పనేమిటంటే రక్తంలో మందు కొలవడం. చెంచాతోనో గ్లాసుతోనో కొలిచే కొలత కాదది. పెద్ద నీళ్ళ ట్యాంకులో ఒక ఉప్పురవ్వ వేసి కలిపి, అందులోంచి ఒక్క చుక్క తెచ్చి, దీంట్లో ఉప్పెంతుందో చెప్పమంటే చెప్పాలి. అంత చిన్న కొలత. మిషను చెబుతుంది. మిషనుకి ఇచ్చేదాకా ఆ చుక్కని జాగ్రత్తగా మోసుకురావడమే మనుషుల పని.

ఆ మోసుకురావడానికి అద్దం సారు ఒక పద్ధతి పెట్టాడు. ఒక బల్ల మీది ట్యూబు ఇంకో బల్ల మీదికి రాకూడదు. వడకట్టే బల్ల దగ్గర ఒక ట్యూబు. కొలిచే బల్లకి వస్తే కొత్త ట్యూబులోకి వంచాలి. ఫ్రిజ్జులో పెట్టాలంటే మరొకటి, మిషను ఎక్కించేముందు ఇంకొకటి. అన్నీ ప్లాస్టిక్‌వి, అప్పటికప్పుడు సంచీ చింపి తీసినవి. ఖాళీ అయినది చెత్తబుట్టలోకి. కుర్రకారు నోరు మూసుకుని పాటించేవారు. బావ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, “మా బావగారు శాంపిల్‌కి బట్టలు మారుస్తున్నారు, ఎవరూ అటు చూడకండి” అనేవాడు.

బావ ఆ పద్ధతి పాటించేవాడు కాదు. దానికి కారణం తెలివి కాదు, ఒట్టి బద్ధకం. పని ఆఖర్లో ఎలాగూ సాల్వెంట్ కలపాలి. అంటే స్పిరిట్ వాసన వచ్చే ఒక ద్రవం. ఆఖర్లో దానికోసం మళ్ళీ లేవాలని, వడకట్టకముందే కింది ట్యూబులో పోసేసి కూర్చునేవాడు. వడకట్టినది బొట్టు బొట్టుగా అందులోనే పడేది. ఆ ట్యూబునే మిషను దాకా తీసుకెళ్ళేవాడు. ఒకటే ట్యూబు. అద్దం సారుకి అది చూస్తే ఎంగిలి గ్లాసు చూసినట్టుండేది.

ఇలా ఉండగా చెల్లెలు ఆస్పత్రిలో చేరింది.

ఆస్పత్రి ల్యాబుకి ఎదురుగానే, రోడ్డు దాటితే గేటు. ఆమెకి గుండె మందు పడుతోంది. ఆ మందు పేరు చెప్పినా మనకి నోరు తిరగదు. తక్కువైతే గుండె లయ తప్పి పరుగెడుతుంది. ఎక్కువైతే మెల్లగా కొట్టుకుంటూ, ఇంకా మెల్లగా కొట్టుకుంటూ ఆగిపోతుంది. రెండింటికీ మధ్య దారి చాలా సన్నం. పైగా ఆమె ఒంట్లో ప్రోటీన్లు పడిపోయాయి. మామూలుగా మందులో చాలా భాగం ప్రోటీన్లని పట్టుకుని ఉంటుంది. విడిగా తిరిగేదే గుండె మీద పని చేస్తుంది. అందుకని డాక్టరమ్మ, “మొత్తం మందు ఎంతని కాదు, ప్రోటీన్లని వడకట్టేసి విడిగా తిరిగేది ఎంతో చెప్పండి” అని రాసి పంపింది. ఆ రకం పరీక్ష ల్యాబుకి కొత్త. చెల్లెలి శాంపిల్ కాబట్టి అద్దం సారు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనే కూర్చున్నాడు. సొంత మనిషి కదా అని మామూలుకన్నా శుభ్రంగా చేశాడు.

మందు తక్కువని వచ్చింది. బాగా తక్కువ.

మిగిలిన రక్తాన్ని బావ తీసుకున్నాడు. పెళ్ళాం రక్తం, ఎవరు కాదంటారు? తన బల్ల మీద, తన చీమల పక్కన, తన పద్ధతిలో చేశాడు. మందు ఎక్కువని వచ్చింది. మరీ ఎక్కువ.

రెండు రిపోర్టులూ పట్టుకుని ఇద్దరూ డాక్టరమ్మ గదికి వెళ్ళారు. మధ్యలో రోడ్డు దాటుతున్నప్పుడు కూడా అద్దం సారు బావ పక్కన నడవలేదు.

“ఒకే మనిషి, ఒకే రక్తం. ఒకరు తక్కువంటారు, ఒకరు ఎక్కువంటారు. నేనేం చెయ్యను?” అంది డాక్టరమ్మ.

“ఆమె లక్షణాలు చూడండి మేడమ్. వాంతులు, కళ్ళు తిరగడం. ఎక్కువైతేనే కదా అలా” అన్నాడు బావ.

“జబ్బు ముదిరినా అలాగే ఉంటుంది. మధ్యమధ్యలో లయ తప్పుతోంది కూడా.”

అద్దం సారు గొంతు సవరించుకున్నాడు. “మా బావ ఏ ట్యూబులో చేశాడో అడగండి మేడమ్.”

“కొత్త ట్యూబే బావా.”

“నువ్వు ముట్టుకున్నాక కొత్తదేమిటి?”

“ఏం, నా వేళ్ళకి మందు కారుతోందా?”

“నీ వేళ్ళకి ఏం కారుతుందో నీకే తెలియదు. నిన్న ఏం తిన్నావో నీ బల్ల చూసి నేను చెప్పగలను.”

డాక్టరమ్మ ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. ఒక కోటు పాలలా ఉంది. ఒక కోటు జేబు దగ్గర టీ మరక, ఆ మరక మీద ఇంకాస్త లేత మరక. ఆమె పాలకోటు రిపోర్టు పైన పెట్టి, టీ మరక రిపోర్టు కింద పెట్టింది. “సరే. సాయంత్రం నుంచి డోసు రెట్టింపు చేస్తాను” అంది.

కోటు చూసి మందు రాసిన ఆ డాక్టరమ్మని అద్దం సారు ఆ పూట మనసులో చాలా మెచ్చుకున్నాడు. ఈ ఊళ్ళో వైద్యం తెలిసినవాళ్ళు ఇంకా మిగిలున్నారనుకున్నాడు.

చెల్లెలి వార్డుకి వెళ్ళాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన తినకుండా వదిలేసిన పళ్ళెం. దాని అంచున ఆరిపోయిన చెంచా మరక చూసి ఆయన మొహం చిట్లించుకున్నాడు.

“ఏం తినలేదా బుజ్జీ?”

“తిండి చూస్తేనే డోకొస్తోంది అన్నయ్యా. కళ్ళు మూస్తే మంచం తిరుగుతోంది. మందు తక్కువైనా ఇలా అవుతుందా?”

“అవుతుంది” అన్నాడు. ఆయన డాక్టరు కాదు. ఆ సంగతి అప్పుడప్పుడు మర్చిపోయేవాడు.

“మీ బావేమో ఎక్కువైందంటున్నారు. మింగొద్దని ఒకటే గొడవ. ఇందాక నర్సుతో కూడా పోట్లాడారు.”

“మీ ఆయనకి తెలిసిందల్లా కుర్చీలో కూర్చోవడం. అది కూడా సరిగ్గా కూర్చోడు.”

“అన్నయ్యా.”

“ఏంటి?”

“ఆయన సంగతి కాదు, నా సంగతి చెప్పు. సాయంత్రం రెండు మాత్రలిస్తారట. నువ్వు మింగమంటే మింగుతాను, వద్దంటే ఉమ్మేస్తాను. నువ్వే చెప్పు.”

“మింగు” అన్నాడు అద్దం సారు.

అని ఊరుకోవచ్చు. కానీ బావ అలా నర్సులతో పోట్లాడుతూ తిరుగుతుంటే ఆయనకి ఒళ్ళు మండింది. ఆ నోరు మూయించాలి. ఎక్కువ చూపించిన మురికి ఎక్కడుందో పట్టుకుని డాక్టరమ్మ ముందు, చెల్లెలి ముందు, కుదిరితే ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ముందు కూడా చూపించాలి. ఆ ఉద్దేశంతోనే ల్యాబుకి వెళ్ళాడు. చెల్లెలి కోసం వెళ్ళాడని తర్వాత కొందరన్నారు. అది మర్యాదకి అన్న మాట.

ముందు బావ బల్ల దగ్గర కూర్చున్నాడు. కుర్చీ మీద కాగితం పరుచుకుని కూర్చున్నాడు. బావ ట్యూబులు, బావ సాల్వెంట్, బావ వడపోత అన్నీ తీసుకుని, మందు లేని ఒట్టి నీళ్ళని బావ పద్ధతిలోనే నడిపాడు. ఆ మురికిలో మందుంటే మిషను చూపించాలి కదా. బిస్కెట్ పొడి కూడా కాస్త పడింది, పడనిచ్చాడు. మిషను గీత గీసింది. గీత నేలబారుగా పోయింది. మందు లేదు. చీమలున్నాయి, పొడి ఉంది, మందు మాత్రం లేదు.

ఆయనకి నిరాశ కలిగింది. సరే, మురికి కాదు, చేతకానితనం అయ్యుంటుందనుకున్నాడు. ఈసారి ప్రోటీన్లు తీసేసిన ద్రవంలో తెలిసినంత మందు తనే కలిపాడు. దాన్ని బావ పద్ధతిలో నడిపాడు. ఎక్కువ చూపిస్తుంది, పట్టుకుంటాను అనుకుంటూ మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కలిపినంతే చూపించింది. రవ్వ ఎక్కువ లేదు, రవ్వ తక్కువ లేదు.

“గుడ్డిదెబ్బ” అన్నాడు మిషనుతో.

ఇక పని ఎలా చెయ్యాలో లోకానికి తెలియాలని, అదే ద్రవాన్ని తన పద్ధతిలో నడిపాడు. ఈ బల్ల నుంచి ఆ బల్లకి, కొత్త ట్యూబు, మళ్ళీ కొత్త ట్యూబు. ఒక్క చుక్క కింద పడలేదు. మిషనుకి ఇచ్చాడు.

కలిపినదాంట్లో సగం కూడా చూపించలేదు.

ఎవరో ముట్టుకున్నారనుకున్నాడు. గదిలో ఎవరూ లేరు. చేతులు కడుక్కున్నాడు. కొత్త సంచీ చింపాడు. ఈసారి ఇంకా జాగ్రత్తగా ఉండాలని మధ్యలో ఒక ట్యూబు ఎక్కువ మార్చాడు. ఇందాకటికన్నా తక్కువ వచ్చింది.

ఎంత శుభ్రంగా చేస్తే అంత తగ్గుతోంది. ఆయన జీవితంలో ఇంత అవమానం ఎవరూ చెయ్యలేదు. చీమల బల్ల మీద నిజం వస్తుంది, అద్దం బల్ల మీద రాదా? పోయిన మందు ఎక్కడికి పోయింది? ఒలికిపోలేదు. ఆవిరయ్యేది కాదు. ట్యూబులోంచి ట్యూబులోకి వంచాడు, అంతే. ట్యూబులు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయినవి...

చెత్తబుట్ట వైపు చూశాడు.

ఆ చెత్తబుట్ట అంచు కూడా ఆయన ఎప్పుడూ ముట్టుకుని ఎరగడు. కాలితో మూత తీసేవాడు. ఇప్పుడు మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. తుడిచిన కాగితాలు, చిరిగిన చేతి తొడుగులు, ఎవరో తిని పారేసిన పండు తొక్క. వాటి మధ్యనుంచి తన ఖాళీ ట్యూబులు ఒక్కొక్కటీ ఏరి తీశాడు. బయటికి కళ్ళకి ఏమీ కనబడదు. గాజులా తళతళలాడుతున్నాయి. ఒక్కొక్కదాంట్లో కొంచెం సాల్వెంట్ పోసి, గోడలన్నీ తడిసేలా తిప్పి, ఆ కడుగునీళ్ళని మిషనుకిచ్చాడు.

గీత కొండలా లేచింది. రెండోదానికి మళ్ళీ లేచింది. మూడోదానికీ లేచింది. ఎక్కడికీ పోలేదు మందు. ట్యూబు గోడకి అంటుకుని కూర్చుంది.

ఆయనకి విషయం అర్థం కావడానికి ఆట్టే సేపు పట్టలేదు. చదువుకున్నవాడే. ప్రోటీన్లు ఉన్నంతసేపూ మందు వాటిని పట్టుకుని ఉంటుంది. అందుకే పాత రకం పరీక్షల్లో ఈ తేడా ఎన్నడూ బయటపడలేదు. ప్రోటీన్లని వడకట్టేస్తే దానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ప్లాస్టిక్ గోడని పట్టుకుంటుంది. కొత్త ట్యూబుకి మార్చినప్పుడల్లా కొత్త గోడ. ప్రతి గోడా తన వాటా తను తీసుకుంటుంది. ముందే సాల్వెంట్ ఉంటే మందు అందులోనే కలిసి ఉండిపోతుంది, గోడ జోలికి పోదు. మిషను సరిగ్గా కొలుస్తోందో లేదో చూసుకునే ద్రవాన్ని సాల్వెంట్‌లోనే కలిపి నేరుగా మిషనుకిస్తారు. అది ఏ బల్లా తిరగదు. కాబట్టి మిషను బాగానే ఉన్నట్టు కనబడుతుంది. అంతా బాగానే ఉంది, చెల్లెలి మందు తప్ప.

తలుపు తెరుచుకుంది. బావ.

“ఏం బావా, చెత్తబుట్టలో ఏం పోగొట్టుకున్నావ్?”

“నీ పెళ్ళాం మందు.”

బావ నవ్వబోయి ఆగాడు. అద్దం సారు కోటు మోచెయ్యి దగ్గర పండు తొక్క అంటుకుని ఉంది. అది చూశాక అతనికి నవ్వు రాలేదు.

“నువ్వు సాల్వెంట్ ముందే ఎందుకు పోస్తావ్?” అని అడిగాడు అద్దం సారు.

“ఎందుకేంటి? తర్వాతైతే మళ్ళీ లేవాలి కదా.”

“అంతేనా?”

“ఇంకేముంటుంది?”

“గోడకి అంటుకుంటుందని తెలియదా?”

“ఏ గోడకి?”

అద్దం సారు కళ్ళు మూసుకున్నాడు. ఇతను తెలిసి చేసి ఉంటే ఒక దండం పెట్టి ఊరుకునేవాడు. తనని ఓడించింది చదువైనా బాగుండేది. బద్ధకం ఓడించింది. గుండీ పెట్టుకోలేని బద్ధకం.

“సాయంత్రం మాత్రలు ఎన్నింటికిస్తారు?” అన్నాడు కళ్ళు తెరిచి.

“ఇప్పుడే. నర్సు బండి తోసుకుంటూ వస్తుంటే నేనింక చూడలేక ఇటొచ్చా. నీ మాట విని మింగుతానని కూర్చుంది. మొగుణ్ణి నేను చెబితే వినదు.”

“ఫోన్ చెయ్యి.”

“వార్డులో ఎవరెత్తుతారు బావా?”

అద్దం సారు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు కాబట్టి గేటు దగ్గర వాచ్‌మన్ దొంగనుకుని చెయ్యి అడ్డం పెట్టాడు. వెనకే బావ వచ్చి, “మావాడేనయ్యా” అన్నాడు. ఆ మాట కూడా ఆయన దిగమింగాడు.

వార్డులో చెల్లెలు లేచి కూర్చుని ఉంది. అరచేతిలో రెండు మాత్రలు. నర్సు నీళ్ళ గ్లాసు పట్టుకుని, “తొందరగా కానివ్వండమ్మా, నాకింకా బోలెడు మంచాలున్నాయి” అంటోంది. చెల్లెలికి డోకొస్తోంది. ఆ డోకు తగ్గితే మింగుదామని ఆగింది. ఆ ఆగడమే ఆమెని కాపాడింది.

“మింగకు!”

“నువ్వే కదా మింగమన్నావ్?”

“తప్పు చెప్పాను. ఇలా ఇవ్వు.”

ఆమె ఇవ్వలేదు. అన్న కోటు చూసింది, అన్న మొహం చూసింది. ఆయన వంగి, ఆమె వేళ్ళు విప్పి, చెమటకి తడిసిన మాత్రలు రెండూ తీసుకున్నాడు.

“మీరెవరండీ మాత్రలు లాక్కోవడానికి?” అని నర్సు కేకలేసింది. ఆ కేకలకి డాక్టరమ్మ వచ్చింది.

అద్దం సారు చెప్పాడు. వంచి చెప్పలేదు, చుట్టి చెప్పలేదు. తన ట్యూబులు మందు తినేశాయనీ, తన రిపోర్టు తప్పనీ, ఈమె ఒంట్లో మందు ఇప్పటికే ఎక్కువనీ చెప్పాడు. ఎంతసేపూ గోడవైపే చూసి చెప్పాడు.

డాక్టరమ్మ వెంటనే నాడి చూసింది. ఆమె పెదవులు బిగుసుకున్నాయి. “బాగా నెమ్మదిగా ఉంది. ఆ రెండు మాత్రలు పడి ఉంటే పొద్దున్నకి...” అని నర్సు వైపు తిరిగింది. “మందు ఆపెయ్యండి. తీగలు పెట్టి గుండె చూసే మిషనుకి తగిలించండి. రాత్రంతా ఒకరు పక్కనుండాలి.”

తర్వాత అద్దం సారుతో, “అయితే ఆయన రిపోర్టే కరెక్టన్నమాట” అంది.

“ఆయన రిపోర్టు కరెక్టే” అన్నాడు అద్దం సారు. “ఆయన కాదు.”

“మరి మీరు?”

అద్దం సారు మోచేతికి అంటుకున్న పండు తొక్క పీకి జేబులో వేసుకున్నాడు.

“నాకు మాత్రం ఏం తెలుసులెండి, నేను కోటు చూసి నమ్మాను” అని ఆమె తనని తనే ఈసడించుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి మందు ఒంట్లోంచి దిగింది. గుండె దారిలో పడింది. ల్యాబులో పద్ధతి మారింది. ముందే సాల్వెంట్ పోసి ఉంచిన ట్యూబులోకే వడకట్టాలి, మిషను దాకా అదే ట్యూబు పోవాలి. ఆ కాగితం మీద సంతకం అద్దం సారుదే. బావ మాత్రం కనబడ్డవాళ్ళందరికీ, “నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా, ఎవరు వింటారు” అని చెప్పుకుని తిరిగాడు. ఏం మొత్తుకున్నాడో ఎవరూ అడగలేదు. అడిగితే అతనికీ తెలియదు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అద్దం సారుకి పళ్ళు పటపటలాడేవి. కానీ పని దగ్గరికొచ్చేసరికి బావ చేసినట్టే చెయ్యాలి. వేరే దారి లేదు.

చెల్లెల్ని ఇంటికి పంపే ముందురోజు కొత్త రిపోర్టు తీసుకుని వార్డుకి వెళ్ళాడు. ఆమె రొట్టె తింటోంది. ముక్క తర్వాత ముక్క, ఆకలి మీదున్నట్టు తింటోంది.

“సరిగ్గా ఉంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు” అన్నాడు.

“ఎవరు చేశారు?”

“నేనే.”

“ఎలా చేశావ్?”

“మీ ఆయన చేసినట్టే.”

ఆమె నమిలి మింగింది. “ఆ రోజు మాత్రలు చేతిలో పెట్టుకుని కూర్చున్నా చూడు. ఆయన వద్దు వద్దంటూ ఏడుపొక్కటే తక్కువ. నాకు తెలుస్తూనే ఉంది, నా ఒళ్ళే చెబుతోంది ఎక్కువైందని. అయినా నువ్వు చెప్పావని నోటి దాకా తెచ్చుకున్నాను. దానికి రోజూ నన్ను నేను తిట్టుకుంటున్నాను.”

“నిన్నెందుకు తిట్టుకోవడం? నన్ను తిట్టు.”

“నిన్ను తిట్టి ఏం లాభం అన్నయ్యా? నువ్వు వింటావా?”

అద్దం సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వింటానని అనబోయాడు. ఆమె మొహం చూసి అనలేదు. ఆమె ఇంకో రొట్టె తుంచుకుని, కిటికీవైపు తిరిగి తినసాగింది.